కనిపించడం వేరు, కంటపడటం వేరు

ఆ మధ్య నా మీద ఒక బగ్ పడింది. బగ్గులు పడటం నాకేం కొత్త కాదు, ఆరేళ్ళుగా అవే నాకు అన్నం పెడుతున్నాయి :) కానీ ఈసారి తప్పు కోడ్ లో లేదు. ఒక ఇంగ్లీషు మాటకి నేను చెప్పుకున్న అర్థంలో ఉంది. ఆ మాట కన్‌స్పిక్యువస్.

జరిగింది ఇదీ. మా క్లయింటు అమెరికా వాళ్ళు. నెలనెలా డబ్బు కట్టే సబ్‌స్క్రిప్షన్ ఒకటి అమ్ముతారు. మొదటి నెల ఫ్రీ, ఆ తర్వాత మనం ఆపేదాకా ప్రతి నెలా కార్డులోంచి డబ్బు దానంతటదే పోతుంది. ఆ సంగతి చెప్పే వాక్యం సైనప్ పేజీలో, బటన్ పక్కన, క్లియర్ అండ్ కన్‌స్పిక్యువస్ గా ఉండాలని రిక్వైర్‌మెంట్ లో రాశారు. నేను బటన్ కింద పెట్టాను. పది పిక్సెల్స్ సైజు, తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు. డిజైనర్ ఇచ్చిన బొమ్మలో అలాగే ఉంది మరి. సెలీనియం టెస్టు కూడా రాశాను. ఆ వాక్యం పేజీలో డిస్‌ప్లే అవుతోందా? ట్రూ. పాస్. ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నా.

నాలుగు రోజుల తర్వాత వాళ్ళ లీగల్ టీమ్ నుంచి సివియారిటీ వన్ బగ్. "డిస్‌క్లోజర్ కన్‌స్పిక్యువస్ గా లేదు" అని ఒకే ఒక్క లైను. నాకు ఒళ్ళు మండింది. "టెక్స్ట్ విజిబుల్ గానే ఉంది, డిజైన్ ప్రకారమే ఉంది" అని రాసి, స్క్రీన్‌షాట్ లో ఆ వాక్యం చుట్టూ ఎర్ర గీత గీసి మరీ అంటించి, క్లోజ్ చేసి పారేశా.

గంటలో మళ్ళీ ఓపెన్ అయింది. ఈసారి రెండు లైన్లు. రెండో లైను చదివాక నాకు నోట మాట రాలేదు. "మీరు ఎర్ర గీత గీస్తే తప్ప కనపడలేదు, అదే మేం చెప్తున్నది" అని ఉంది.

కొంచెం వెనక్కి వెళ్తాను. ఈ మాట నేను నేర్చుకుంది జీఆర్ఈ కి చదివేటప్పుడు. స్కోరు రాలేదు, అమెరికా వెళ్ళలేదు, మాటలు మాత్రం మిగిలిపోయాయి. కార్డుకి ఒక పక్క కన్‌స్పిక్యువస్, రెండో పక్క ఈజిలీ విజిబుల్. రోజుకి యాభై కార్డులు తిప్పితే ఏమవుతుంది? ఈజిలీ ఎక్కడో జారిపోయి, విజిబుల్ ఒక్కటే బుర్రలో మిగిలింది. ఇన్నేళ్ళూ నాకు కన్‌స్పిక్యువస్ అంటే కొంచెం ఖరీదైన విజిబుల్, అంతే.

నిజానికి మనకి దీనికి సరిగ్గా సరిపోయే తెలుగు మాట ఉంది. "కొట్టొచ్చినట్టు". ఒక్కసారి ఆ మాటని విడదీసి చూడండి. మన కన్ను వెళ్ళి ఆ వస్తువుని వెతుక్కోవడం లేదు. ఆ వస్తువే వచ్చి మన కంటిని కొడుతోంది. పని చేస్తున్నది వస్తువు, కన్ను ఊరికే ఉంది. కార్డు వెనకాల ఈజిలీ విజిబుల్ అని కాకుండా కొట్టొచ్చినట్టు కనిపించేది అని ఉంటే నా మీద ఈ బగ్ పడేది కాదు.

అన్నట్టు ఈ మాట మనకి మరీ పరాయిది కూడా కాదు. లాటిన్ లో చూడటం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ఇన్‌స్పెక్షన్, రెస్పెక్ట్, సస్పెక్ట్, స్పెక్టాకిల్ అన్నీ ఆ కుటుంబమే. సంస్కృతంలో స్పశ్ అనే ధాతువు కూడా దీనికి చుట్టమే అంటారు భాషా శాస్త్రజ్ఞులు. మనం రోజూ వాడే స్పష్టం అందులోంచి వచ్చిందే. అంటే క్లయింటు కన్‌స్పిక్యువస్ గా పెట్టు అని అడిగినది, మా బామ్మ "స్పష్టంగా చెప్పి చావరా" అని అడిగినది ఒక రకంగా ఒకటేనన్నమాట :)

సరే, వాడుక సంగతికొద్దాం. విజిబుల్ అంటే చూస్తే కనిపించేది. నోటీసబుల్ అంటే కాస్త ధ్యాస పెడితే గమనించేది. ప్రామినెంట్ అంటే చుట్టూ ఉన్నవాటిలోంచి ముందుకి పొడుచుకొచ్చినట్టు ఉండేది. కన్‌స్పిక్యువస్ అంటే మనం చూడాలనుకోకపోయినా కంటపడేది.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, ఈ గుణం వస్తువుది కాదు, చుట్టూ ఉన్నదాన్ని బట్టి వస్తుంది. పెళ్ళింట్లో పట్టుచీర కట్టుకుంటే ఎవరూ తిరిగి చూడరు. అదే చీర చావింటికి కట్టుకెళ్తే ఊరంతా చూస్తుంది. చీర మారలేదు కదా? అలాగే పేజీలో అన్నీ పది పిక్సెల్స్ అయితే నా వాక్యం మామూలుదే. బటన్ నలభై పిక్సెల్స్ ఎత్తున ఆకుపచ్చగా మెరుస్తుంటే దాని కింద లేత బూడిద వాక్యం దాక్కున్నట్టే.

రెండోది, ఈ మాటలో మెప్పూ లేదు, తిట్టూ లేదు. పరమవీర చక్ర ఎందుకిస్తారో చెప్పే నిబంధనలో శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇదే విశేషణం వాడారు. 1899లో థోర్‌స్టీన్ వెబ్లెన్ అనే ఆర్థిక శాస్త్రవేత్త, పక్కవాళ్ళు చూడాలని డబ్బు తగలేసే అలవాటుకి పేరు పెట్టినప్పుడూ ఇదే విశేషణం వాడాడు. కన్‌స్పిక్యువస్ కన్‌జంప్షన్ అని. గేటెడ్ కమ్యూనిటీలో గృహప్రవేశానికి డ్రోన్ కెమెరా తెప్పించేవాళ్ళు మనకి తెలియంది కాదు.

ఇంకో తమాషా వాడుక ఉంది. లేకపోవడం వల్లనే కొట్టొచ్చినట్టు కనపడటం. ఈ ఊహ రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ది. క్రీ.శ. 22లో జూనియా అనే పెద్దింటావిడ చనిపోయింది. ఆవిడ సీజర్ ని చంపిన బ్రూటస్ కి చెల్లెలు, కాసియస్ కి భార్య. అంత్యక్రియల ఊరేగింపులో ఇరవై గొప్ప వంశాల ప్రతిమలు మోసుకెళ్ళారు కానీ ఆ ఇద్దరివి మాత్రం లేవు. లేవు కాబట్టే అందరికంటే వాళ్ళే ఎక్కువగా కనపడ్డారని రాశాడాయన. 1859లో లార్డ్ జాన్ రస్సెల్ దాన్ని ఇంగ్లీషు రాజకీయాల్లోకి తెచ్చాడు. ఇప్పుడు మన పేపర్లలో కూడా "ఫలానా నాయకుడు లేని లోటు కొట్టొచ్చినట్టు కనిపించింది" అని చదువుతూనే ఉంటాం.

ఇక అసలు విషయం. ఈ మాట ఒక్క నిఘంటువుల్లో ఉంటే నాకేం బాధ లేదు. ఇది చట్టాల్లో ఉంది. మనం రోజూ కాపీ కొట్టి అంటించే ఫైళ్ళలో కూడా ఉంది.

ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో "ఈ సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఎటువంటి వారంటీ లేదు" అనే పేరా ఒక్కటీ మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో అరుస్తున్నట్టు ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించలేదు. ఎవరో లాయర్ కి కోపమొచ్చి రాశాడనుకున్నా. కారణం ఈ మాటే. అమెరికాలో సరుకుల అమ్మకాలకి యూనిఫాం కమర్షియల్ కోడ్ అని ఒకటుంది. సరుకు మామూలు వాడుకకి పనికొస్తుందనే వారంటీ నువ్వు చెప్పకపోయినా ఉన్నట్టే లెక్క. అది లేదని కాగితం మీద చెప్పదలుచుకుంటే కన్‌స్పిక్యువస్ గా చెప్పాలి. ఆ కోడ్ లోనే ఈ మాటకి నిర్వచనం కూడా ఉంది. ఆ షరతు ఎవరి మీద పనిచేస్తుందో ఆ మనిషి, మామూలు తెలివున్న మనిషి, గమనించి ఉండాల్సిందే అనిపించేలా రాయడం, చూపించడం. క్యాపిటల్ అక్షరాల శీర్షికని ఒక ఉదాహరణగా ఇచ్చారు. ఇంకేం, లాయర్లందరూ క్యాప్స్ లాక్ నొక్కేశారు. 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్ లో అయితే ప్రతి కాపీ మీదా కాపీరైటు నోటీసుని, వారంటీ లేదన్న మాటని కన్‌స్పిక్యువస్ గా ప్రచురించాలని నేరుగానే ఉంది.

నిర్వచనంలో ఒక సంగతి గమనించండి. "చూశాడా లేదా" అని అడగడం లేదు. "చూసేలా పెట్టావా లేదా" అని అడుగుతోంది. బరువు చూసేవాడి మీంచి తీసి చూపించేవాడి మీద పెట్టింది. ఈ మాట చేసే పనంతా ఇదే.

అమెరికాలో 2010లో వచ్చిన ఆన్‌లైన్ కొనుగోళ్ళ చట్టం కూడా డబ్బు సంగతులు క్లియర్ గా, కన్‌స్పిక్యువస్ గా చెప్పాకే కార్డు వివరాలు అడగమంటుంది. ఆ చట్టం కిందే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ మీద ప్రైమ్ సభ్యత్వాల విషయంలో కేసు వేస్తే, 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. తప్పు ఒప్పుకోకుండానే అనుకోండి. ఒక విశేషణం చుట్టూ అంత డబ్బు తిరుగుతుందని మన టెస్టు కేసుల్లో ఎక్కడా రాసుకోం.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది. సమన్లు తీసుకోవాల్సిన మనిషి దొరక్కపోతే, కాపీని ఇంటి వీధి తలుపుకో, ఇంట్లో మరో కన్‌స్పిక్యువస్ భాగానికో అంటించమంటుంది. పెరటి గోడకి అంటించి వచ్చేస్తే చెల్లదు. పాకెట్ల మీద ఎమ్మార్పీ అంకెలు వెనక రంగుకి కొట్టొచ్చినట్టు తేడాగా ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనలు చెప్తున్నాయి. 2023 నవంబరులో మన వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ పాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పదమూడు రకాల మోసపు డిజైన్ల జాబితా అది. సబ్‌స్క్రిప్షన్ లోకి దింపి బయటికి రానివ్వకపోవడం అందులో ఒకటి.

ఇవన్నీ ఆ బగ్ పడ్డాక చదివినవే. కానీ నన్ను నిజంగా కుదిపింది చట్టం కాదు. మా నాన్న.

నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. మా ఊళ్ళోనే ఉంటారు. బగ్ కి ఓ ఆర్నెల్ల ముందు ఫోన్ చేసి "ఒరే, నా అకౌంట్లోంచి నెలకి 299 పోతోంది, ఏంట్రా ఇది" అన్నారు. చూస్తే ఏదో యాప్. వారం రోజులు ఫ్రీ అంటే నొక్కారట. ఏడు నెలలు పోయాయి. 2,093 రూపాయలు. పెద్ద మొత్తమేం కాదు. కానీ రూపాయి తేడా వస్తే పాలవాడి చీటీ మళ్ళీ కూడే మనిషి ఆయన.

నేనేమన్నానో తెలుసా? "చూసుకోవాలి కదా నాన్నా, డబ్బు పోయే ముందు మెసేజ్ కూడా వస్తుంది."

నిజమే, వచ్చింది. ఆటోపే కి ఇరవై నాలుగు గంటల ముందు చెప్పి తీరాలని రిజర్వు బాంకు నియమం. ఏడు మెసేజ్‌లూ ఆయన ఫోన్లో ఉన్నాయి. లోన్ కావాలా, రమ్మీ ఆడతారా, ప్లాట్ కొంటారా అనే వందల మెసేజ్‌ల మధ్య ఉన్నాయి. చావింట్లో పట్టుచీర కాదు, పెళ్ళింట్లో పట్టుచీర.

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా "నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. బోర్డు మీద ఓ మూల రాశాను, చూసుకోకపోతే మీ ఖర్మ అని ఎప్పుడూ అనలేదురా. ముఖ్యమైన సూత్రం రంగు సుద్దతో రాసి చుట్టూ డబ్బా కట్టేవాణ్ణి" అన్నారు.

అప్పుడు ఆ మాట చెవినేసుకోలేదు. పెద్దాయన చాదస్తం అనుకున్నా. ఆర్నెల్ల తర్వాత బగ్ తేల్చడానికి కాలిఫోర్నియా ఆటోమేటిక్ రెన్యువల్ చట్టంలో క్లియర్ అండ్ కన్‌స్పిక్యువస్ కి ఇచ్చిన నిర్వచనం చదువుతున్నా. చుట్టూ ఉన్న అక్షరాలకంటే పెద్దవైనా ఉండాలి, లేదా వేరే రంగులోనో వేరే ఫాంటులోనో ఉండాలి, లేదా గుర్తులు పెట్టి మిగతా వాటినుంచి వేరు చేసి దృష్టి లాగేలా ఉండాలి. రంగు సుద్ద. చుట్టూ డబ్బా. కాలిఫోర్నియా వాళ్ళు రాసుకున్న చట్టాన్ని మా నాన్న పల్లెటూరి బడిలో ముప్పై ఏళ్ళు పాటించారు. నేను మాత్రం జీతం తీసుకుని, నాన్నలాంటి వాళ్ళకి కనపడకుండా పదిపిక్సెల్స్ లో రాసి, టెస్టు పాస్ చేసి, ఎదురు వాదించాను.

ఆ యాప్ రాసినవాడు కూడా నాలాంటివాడే అయ్యుంటాడు. వాడి టెస్టు కూడా పాసయ్యే ఉంటుంది. సెలీనియం కి తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు పెట్టినా డిస్‌ప్లే అవుతోందనే చెప్తుంది. అది చూసేది ఎలిమెంటుని, మనిషి కంటిని కాదు.

మా ప్రాడక్ట్ మేనేజర్ దగ్గర ఒక వాదన ఉంది. అది కొట్టిపారేయాల్సింది కాదు. "ప్రతిదీ కొట్టొచ్చినట్టు పెడితే ఇంకేదీ కొట్టొచ్చినట్టు ఉండదు" అంటాడు. నిజమే. ఆ క్యాపిటల్ అక్షరాల పేరాలు ఎవరు చదువుతున్నారు? 2002లో అమెరికాలో ఒక అప్పీళ్ళ కోర్టు కూడా, క్యాప్స్ లాక్ నొక్కితే చాలు కన్‌స్పిక్యువస్ అయిపోతుందనుకునే లాయర్లు భ్రమలో ఉన్నారని వెటకారంగా తీర్పులో రాసింది. కుకీల బానర్లు చూడండి, స్క్రీన్ సగం ఆక్రమిస్తాయి, మనం చదవకుండానే నొక్కేస్తాం.

కానీ ఆ వాదనలోంచి ఏమీ పెద్దగా చూపించొద్దు అని తేలదు. ఏది చూపించాలో ఎంచుకోమని తేలుతుంది. ఎంచుకోవడానికి నాకు తోచిన లెక్క ఒకటే. ఇది ముందే చూసి ఉంటే ఈ మనిషి బటన్ నొక్కేవాడా? "ఏమో, నొక్కేవాడు కాదేమో" అనిపించిన ప్రతి వాక్యమూ కొట్టొచ్చినట్టు ఉండాల్సిందే. డబ్బు ఎంత, ఎప్పుడు, ఎలా ఆపాలి. ఈ మూడూ ఎప్పుడూ అందులోకే వస్తాయి. మిగతావి ఎక్కడున్నా ఫరవాలేదు.

అసలు ఆ వాక్యం పెద్దది చేస్తే సైనప్‌లు పడిపోతాయనే భయమే ఒప్పుకోలు. జనం చూస్తే కొనరని మనకి తెలుసు, అందుకే చూడకుండా కొనాలని చూస్తున్నాం. దాన్ని డిజైన్ అనకూడదు. కాంటా కింద వేలు పెట్టడం అనాలి.

ఇప్పుడు నేను చేస్తున్నవి చిన్న పనులే. రిక్వైర్‌మెంట్ లో ఈ మాట కనపడితే దాన్ని టెస్టు చేయగలిగేలా విడగొట్టమంటున్నా. సైజు ఎంత, బటన్ కి ఎంత దూరం, రంగుల తేడా ఎంత. అక్షరాలకీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు ఎప్పట్నుంచో చెప్తున్నాయి. అది చదవగలగడానికి కనీస హద్దు మాత్రమే, కంటపడటానికి అదొక్కటే చాలదు. అందుకని ఆఖర్న ఇంకో టెస్టు. మా టీమ్ కాని మనిషిని ఒకర్ని పిలిచి, పేజీ ఐదు సెకన్లు చూపించి, మూసేసి, "డబ్బు ఎప్పుడు కట్ అవుతుంది?" అని అడుగుతున్నా. చెప్పలేకపోతే ఫెయిల్. ఆటోమేట్ చేయడం కుదరదని లీడ్ సణుగుతున్నాడు. సణగనీ.

బగ్ ఫిక్స్ చేశాక కొత్త పేజీ స్క్రీన్‌షాట్ టెస్టు డేటాతో నాన్నకి వాట్సాప్ లో పంపించా. వాక్యం బటన్ పైన, నల్లటి అక్షరాల్లో, చుట్టూ డబ్బా కట్టి. మెచ్చుకుంటారనుకున్నా. కాసేపటికి ఫోన్ చేసి "బాగుందిరా, కనపడుతోంది. మరి వద్దనుకుంటే ఎక్కడ నొక్కాలి?" అన్నారు.

ఆ పేజీలో ఆ సంగతి లేదు. ఆపే లింకు సెట్టింగ్స్ లో నాలుగు స్క్రీన్ల లోపల ఉంది. లేకపోవడం వల్లనే కొట్టొచ్చినట్టు కనపడటమంటే ఏమిటో అప్పుడు అర్థమయింది. రెండు నెలలుగా ఆ పేజీ నేను చూస్తూనే ఉన్నా, నా కంట మాత్రం పడలేదు.

దానికి టికెట్ నేనే ఓపెన్ చేశా. మర్నాటికి ప్రయారిటీ లో అని మార్చేశారు. నేను మళ్ళీ హై చేశా. ప్రస్తుతానికి రోజూ అదే జరుగుతోంది.